అయిదు రోజుల లెక్క

ప్రేమలత గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆమెను అడిగితే వద్దనే అంటుంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో ఒక తప్పు నాది. ఆరు నెలలుగా దాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మనుషుల పేర్లు మార్చాను. ఊళ్ళ పేర్లు మార్చలేదు. మార్చినా గుర్తుపట్టేవాళ్ళు పడతారు.

కోరుట్ల బస్టాండు వెనక నాకొక చిన్న ల్యాబు ఉంది. నేను పుట్టింది సిరిసిల్లలో, సాంచాల, అదే మరమగ్గాల చప్పుడు మధ్య. మా నాయన నారాయణ నన్ను సాంచా దగ్గరికి రానివ్వకుండా చదివించాడు. ఆయన నూలు వదిలించాడు, నేను రక్తం, మూత్రం పట్టుకున్నాను. పెద్ద తేడా ఏమీ లేదు, రెండింటికీ నడుము నొప్పే.

ప్రేమలత నా దగ్గర ఎనిమిదేళ్ళుగా టెక్నీషియన్. ఆమెది కొడిమ్యాల. తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఆ కల్లు డబ్బులతోనే కూతుర్ని జగిత్యాలలో ల్యాబు కోర్సు చదివించి చందుర్తికి పెళ్ళి చేసి పంపాడు. మొగుడూ కల్లు గీసేవాడే. ఒక పొద్దున మోకు తెగి చెట్టు మీది నుంచి పడ్డాడు. ఊళ్ళో ఆటో నడిపే సాంబయ్య అతన్ని వెనక పడుకోబెట్టుకుని కరీంనగర్ తీసుకెళ్ళాడు. దారి పొడుగునా వెనక్కి తిరిగి తిరిగి మాట్లాడిస్తూనే ఉన్నాడట, కళ్ళు మూయనివ్వకుండా. మూడు రోజులు ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు. మూడో రోజు శవాన్ని తెచ్చిందీ ఆ ఆటోలోనే. అప్పటినుంచి ఆమెకు సాంబయ్య అన్న, అతనికి ఆమె చెల్లె. ఇద్దరిదీ ఒక కులం కాదు, ఒక ఇంటిపేరు కాదు. మా దిక్కున వరస కలవడానికి అవేమీ అక్కర్లేదు.

కూతురు దీపను తీసుకుని కోరుట్ల వచ్చి పని అడిగినప్పుడు నేను మొదట ఆమెకు సీసాలు కడిగే పని ఇచ్చాను. అంత గొప్పవాణ్ణి నేను. ఒకరోజు మూడేళ్ళ పిల్లాడికి నరం దొరక్క నేను నాలుగుసార్లు పొడిచి చెమటలు కక్కుతుంటే, ఆమె చేతులు తుడుచుకుని వచ్చి, పిల్లాడితో కోడిపిల్ల గురించి ఏదో చెబుతూ ఒక్కసారికే తీసింది. మర్నాటి నుంచి సీసాలు నేను కడిగాను.

నిరుడు ఎండాకాలంలో సిరిసిల్ల పక్కన బట్టలు కుట్టే ఒక కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. పేరు రాయను. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడపిల్లల్ని కుట్టుపనికి తెచ్చే బస్సులు వాళ్ళవి. బట్టలు కొనే విదేశీ వాళ్ళు షరతు పెట్టారట, డ్రైవర్లకు మత్తుమందుల పరీక్ష చెయ్యాలని. పరీక్ష హైదరాబాదులో జరుగుతుంది. ఇక్కడ మూత్రం నమూనా తీసి, సీలు వేసి పంపడమే మా పని. కానీ తీసేవాళ్ళకు సర్టిఫికెట్ ఉండాలి. జగిత్యాలలో ఒక హోటల్ పైఅంతస్తులో మూడు రోజుల శిక్షణ. నేనూ ప్రేమలతా వెళ్ళాం. ఇరవై ఏళ్ళుగా డబ్బాల్లో మూత్రం పట్టించినవాణ్ణి, నాకు ఎవడో వచ్చి నేర్పేదేమిటని నవ్వుకుంటూ వెళ్ళాను.

నేర్పేది చాలా ఉంది. మరుగుదొడ్డి నీళ్ళలో నీలిరంగు కలపాలి, అందులోంచి ముంచి పోయకుండా. కొళాయికి టేపు అంటించాలి. మనిషి జేబులు ఖాళీ చేయించాలి. నమూనా చేతికొచ్చిన నాలుగు నిమిషాల్లోపు డబ్బా మీది పట్టీలో వేడి చూడాలి. చల్లగా ఉంటే అది అప్పుడు పోసింది కాదు. రెండు సీసాల్లోకి పంచి, అతని కళ్ళ ముందే సీలు వేసి, ఆ సీలు మీద అతని చేతనే పొడి అక్షరాలు రాయించాలి. అప్పటిదాకా ఆ డబ్బా మీది నుంచి తీసేవాడి చూపు గానీ, ఇచ్చేవాడి చూపు గానీ పక్కకు పోకూడదు. చివరి రోజు పరీక్ష. వరసగా అయిదు ఉత్తుత్తి సేకరణలు ఒక్క తప్పు లేకుండా చేసి చూపాలి. నాలుగోదాంట్లో నా ఫోన్ మోగింది. ఎవరా అని చూశాను, అంతే. హైదరాబాదు నుంచి వచ్చిన సారు నా పేరు కొట్టేశాడు.

ప్రేమలత అయిదింటికి అయిదూ చేసింది. డ్రైవర్ వేషం వేసిన ఒక పెద్దాయన సిగ్గుతో బిగుసుకుపోయి, "ఆడిబిడ్డ చేతికి గిదెట్ల ఇత్తునమ్మా" అంటే, ఆమె మొహంలో ఏ మార్పూ లేకుండా, "రక్తం ఇత్తవు గద కాక, గిది గట్లనే" అంది. ఆయన డబ్బా తీసుకుని లోపలికి పోయాడు.

ఆ శిక్షణలో ఒక పట్టిక చూపించారు. ఏ మత్తుమందు మూత్రంలో ఎన్నాళ్ళు కనపడుతుందో అందులో ఉంది. గంజాయి నెల దాకా ఉండొచ్చు. అల్ప్రాజోలం అనే నిద్రమాత్ర మందు అయిదు రోజులు. ప్రేమలత అది నోటుబుక్కులో రాసుకుని, టీ తాగేటప్పుడు ఆ సారును అడిగింది.

"సార్, మందుకల్లు తాగినోళ్లకు గిది కనవడ్తదా?"

ఆయనకు మందుకల్లంటే తెలియదు. నేనే చెప్పాను. చెట్టు కల్లు కొంచెం, తాగే నోళ్ళు బోలెడు. అందుకని కొన్ని దుకాణాల్లో నీళ్ళు పోసి, తీపి కలిపి, మత్తు కోసం ఆ మాత్రల పొడి వేస్తారు. తాగేవాడికి తను ఏం తాగుతున్నాడో తెలియదు. కల్లనే అనుకుంటాడు.

"కనపడుతుందమ్మా," అన్నాడాయన. "కానీ అది ఎలా వచ్చిందో మనకు అనవసరం. మన పని సేకరణ వరకే. ఫలితం గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. పరీక్ష ఎప్పుడో ముందుగా చెప్పడం అన్నిటికన్నా పెద్ద తప్పు."

మొదటి రెండు విడతల్లో ఇద్దరు డ్రైవర్లు దొరికారు. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఒకతను ల్యాబు దాకా వచ్చి పిల్లల మీద ఒట్టేశాడు, జన్మలో ఏ గోలీ మింగలేదని. అతను అబద్ధమాడలేదు. అది నాకు తెలుసు, ప్రేమలతకు తెలుసు. ఇద్దరం నేల చూపులు చూశాం. అతను వెళ్ళాక ఆమె ఆ పూట అన్నం డబ్బా తెరవలేదు.

అప్పటికి సాంబయ్య ఆటో అమ్మేశాడు. గిరాకీ లేక అమ్మి, ఆ కంపెనీలోనే డ్రైవరుగా చేరాడు. చందుర్తి నుంచి పోయే బస్సు అతనిది. ఉద్యోగం దొరికిందని ల్యాబుకు వచ్చి అందరికీ పాలకోవా పంచాడు. యాభై దాటాక నెల జీతం చూస్తున్న మనిషి సంతోషం అది. ప్రేమలత మాత్రం ఆ కోవా చేతిలో పట్టుకుని అడిగింది.

"అన్నా, కల్లు తాగుడు బందువెట్టినవా?"

"రెండు సీసలే చెల్లె. పొద్దంత కూసుంటె నడుములు గుంజుతయి. పొద్దూకంగ రెండు సీసలు, బుక్కెడంత బువ్వ, పండుడు. గంతే."

ఆ రెండు సీసాలే అతని ఉద్యోగం తీసేస్తాయని ఆమెకు ఆ నిమిషాన్నే తెలుసు.

మూడో విడత కబురు ఒక గురువారం మధ్యాహ్నం వచ్చింది. మంగళవారం పొద్దున డ్రైవర్లందరికీ పరీక్ష, సరంజామా సిద్ధం చేసుకోండి, ఎవరికీ చెప్పకండి అని. ప్రేమలత ఆ సందేశం చదివి ఫోన్ బల్ల మీద పెట్టింది. కాసేపటికి, దీప స్కూలు వాళ్ళతో మాట్లాడొస్తానని ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళింది. గురువారం నుంచి మంగళవారానికి అయిదు రోజులు. ఆ ఫోన్‌లో ఏం మాట్లాడిందో తర్వాత తనే చెప్పింది.

"అన్నా, ఇయ్యాల్టి సంది మంగళారం దాక కల్లు దుకాణం దిక్కు పోకు."

"ఏమాయె చెల్లె?"

"ఏమాయెనని అడుగకు. నాకు చెప్పరాదు."

"ఐతారం మైసమ్మ కాడ యాటను కోస్తున్నరే. గప్పుడు సుత వద్దా?"

"వద్దు. కూర తిను, కల్లు ముట్టకు. ఎవ్వలడిగినా నాకు అలవాటే లేదని చెప్పు. వదినెకు సుత గదే చెప్పు."

"నువ్వు చెప్పినంక ఇంకేమున్నది," అన్నాడట సాంబయ్య. పెళ్ళాం మాట ఇరవై ఏళ్ళుగా వినని మనిషి, చెల్లె మాట మొదటిసారికే విన్నాడు.

ఇక్కడ ఆమెను నేను వెనకేసుకు రాను. మందుకల్లు ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుందో మా ప్రాంతంలో అందరికీ తెలుసు. కరోనాలో దుకాణాలు మూసినప్పుడు చూశాం. చేతులు వణికినవాళ్ళు, గోడలతో మాట్లాడినవాళ్ళు, నాలుక కొరుక్కుని పడిపోయినవాళ్ళు. ప్రేమలత మామ రాజమల్లు ఎండలో లుంగీ కూడా లేకుండా రోడ్డెక్కితే ఇదే ప్రేమలత చీర కప్పి ఇంటికి తెచ్చింది. అది గుర్తుకు రాలేదా అని తర్వాత కసురుకుంటూ అడిగాను.

"గుర్తుకచ్చింది సార్," అంది. "మా మామ దినానికి పది సీసలు తాగెటోడు. గీయన రెండే గదా, ఏం గాదనుకున్న."

సీసాలు లెక్కపెట్టింది. ఒక్కో సీసాలో ఎంత మందు వేస్తున్నారో ఎవరు లెక్కపెట్టారు?

సోమవారం పొద్దున చందుర్తి దాటాక, కల్వర్టు దగ్గర, సాంబయ్య నడుపుతున్న బస్సు రోడ్డు దిగి పొలంలో పల్టీ కొట్టింది. లోపల పందొమ్మిది మంది ఆడపిల్లలున్నారు. ముందు సీట్లో కూర్చున్న పిల్ల చెప్పింది, సాంబయ్య మెడ ఒక పక్కకు లాక్కుపోయి, చేతులు స్టీరింగు మీదే కొయ్యబారిపోయాయని. చాలామంది దెబ్బలతో బయటపడ్డారు. తేజస్విని అనే పందొమ్మిదేళ్ళ పిల్ల కుడిచెయ్యి సీటు కింద నలిగింది. మణికట్టు పైదాకా తీసేశారు. కుట్టుమిషను మీద ఆ బ్యాచిలో అందరికన్నా చురుకైన చెయ్యి అదేనట.

ప్రమాదం జరిగితే డ్రైవర్ నమూనా వెంటనే తియ్యాలి, అదీ షరతే. మధ్యాహ్నానికి కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. సర్టిఫికెట్ ఉన్నది ఆమెకే కాబట్టి ఆమే వెళ్ళాలి. నా బండి మీద సిరిసిల్ల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారిలోనే, నా వెనక కూర్చుని, ఆ ఫోన్ సంగతి మొత్తం చెప్పింది. నేను బండి ఆపలేదు. నా ల్యాబు, నా కాంట్రాక్టు, నా పరువు, ఇవే నా బుర్రలో తిరిగాయి.

సాంబయ్య తలకు కట్టుతో మంచం మీద ఉన్నాడు. తెలివిలోనే ఉన్నాడు. చెమటలు కారుతున్నాయి, వేళ్ళు దుప్పటి మీద వాటంతటవే కదులుతున్నాయి. తలకు దెబ్బ తగిలింది కదా, భయం కదా అని నాకు నేను చెప్పుకున్నాను. తాగుతావా అని డ్యూటీ డాక్టరు అడిగాడట. "ముట్ట సార్" అన్నాడట సాంబయ్య. "ఆయనకు అలవాటే లేదు సార్" అందట భార్య రాజమణి. ఇద్దరూ ప్రేమలత చెప్పమన్నట్టే చెప్పారు. డాక్టరు ఫిట్స్ జబ్బని రాసుకుని దానికి మందు మొదలుపెట్టాడు.

ప్రేమలత గ్లౌజులు వేసుకుంది. శిక్షణలో నేర్పిన మాటలు నేర్పినట్టే చెప్పింది. నమూనా తీసింది, వేడి చూసింది, రెండు సీసాల్లో పోసింది, సీలు వేసింది. ఆమె చూపు ఒక్కసారి కూడా పక్కకు పోలేదు. సీలు మీద రాయడానికి సాంబయ్య చెయ్యి నిలవలేదు. మూడుసార్లు ప్రయత్నించి 'సా' అని ఒక్క అక్షరం రాశాడు.

"చెల్లె, నువ్వు చెప్పినట్టె చేసిన," అన్నాడు. "సుక్క ముట్టలే. యాట కూర సుత ఉత్త బువ్వల కలుపుకొని తిన్న, అందరు నవ్విండ్రు. బండి ఎట్ల పోయిందో యాదికి లేదు. తాగి నడిపిండంటున్నరట గద. నేను తాగలేదని గీ పరీక్షల తేల్తది గద?"

"రిపోర్టు అస్తది అన్నా," అంది. అంతకు మించి మాట్లాడకూడదని నిబంధన.

వరండాలోకి రాగానే నా చొక్కా చెయ్యి పట్టుకుంది. ఎనిమిదేళ్ళలో ఎన్నడూ అలా పట్టుకోలేదు.

"సార్, గిది ఫిట్స్ జబ్బు కాదు. కల్లు ఆపిన గుణం. మల్ల అస్తది. డాక్టర్ సారుకు చెప్పి పోదాం."

అది నాకూ తెలుసు. నేను చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"చెప్తే ఎందుకు మానిండని అడుగుతరు. ఎవలు మానుమన్నరని అడుగుతరు. నీ సర్టిఫికెట్ పోతది, నా ల్యాబు మూతబడ్తది. ఆసుపత్రిలనే ఉన్నడు గద, వాళ్లే చూసుకుంటరు. పొద్దున చూద్దాం, నడువ్."

ఆమె నడిచింది. నా జీతం తినే మనిషి కాబట్టి నడిచింది. చేతిలో సీలు వేసిన పెట్టె ఉంది, దాన్ని ఎక్కడా వదలకూడదు. బండి మీద కోరుట్ల దాకా దాన్ని ఒళ్ళో పట్టుకునే కూర్చుంది.

ప్రమాదం వల్ల మంగళవారం పరీక్షను కంపెనీ వాళ్ళు వాయిదా వేశారు. ఆ పొద్దున ఆమె నాకు చెప్పకుండా మొదటి బస్సుకే సిరిసిల్ల వెళ్ళింది. నేరుగా డాక్టరు దగ్గరికి పోయి, గురువారం ఫోన్ దగ్గర్నుంచి అన్నీ చెప్పింది. ఆయన ఆమెను కూర్చోమన్నాడు. సాంబయ్య పోయి మూడు గంటలైందని చెప్పాడు. ఫిట్స్ ఒకదాని మీద ఒకటి వచ్చాయి, ఆగలేదు. "నిన్ననే తెలిసుంటే ఆ కల్లులో కలిపే రకం మందే ఇచ్చి కొంచెం కొంచెంగా తగ్గించేవాళ్ళమమ్మా. బతికేవాడేమో" అన్నాడు. ఆయన కోప్పడలేదట. కోప్పడి ఉంటే బాగుండేది అని చెప్పింది నాతో.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నేను అడగకుండానే కంపెనీకి ఉత్తరం రాసి, ఇకమీదట నమూనాలు తియ్యనని చెప్పేసింది. కారణం రాయలేదు. రాయొద్దని మళ్ళీ నేనే బతిమాలాను. నా బతుకు అంతే.

శుక్రవారం రిపోర్టు వచ్చింది. ఏ మందూ కనపడలేదు. ఆమె వేసిన లెక్క సరిపోయింది. కంపెనీ వాళ్ళు ఒక ప్రతిని సాంబయ్య ఇంటికీ పంపారు.

పదో దినానికి మేమిద్దరం చందుర్తి వెళ్ళాం. భోజనాలు వడ్డించకముందే తేజస్విని తండ్రి భూమన్న వచ్చాడు. గుమ్మం ముందే నిలబడి అరిచాడు, తాగి నడిపి నా బిడ్డ చెయ్యి తీసిండని, కూడు తినే చెయ్యి తీసిండని. ఎవరూ ఆపలేకపోయారు. ఆపడానికి ఎవరికి నోరొస్తుంది? రాజమణి లోపలికి పోయి ఆ కాగితం తెచ్చి ప్రేమలత చేతిలో పెట్టింది.

"సదువు ప్రేమా. ఇంగ్లీషుల ఉన్నది. తెలుగు చేసి అందరికి ఇనవడేటట్టు సదువు."

ప్రేమలత చదివింది. గంజాయి లేదు. నల్లమందు లేదు. నిద్రమాత్రల మందు లేదు. సారా లేదు. ఏదీ లేదు. ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. భూమన్న చెయ్యి కిందికి దిగింది. ఫొటో ముందుకు పోయి దండం పెట్టాడు. "మాట జారిన సాంబన్నా. నువ్వు తాగలేదు. నా బిడ్డ రాతనే గట్లున్నది" అని అక్కడే కూర్చుని ఏడ్చాడు. నేను గోడవైపు తిరిగాను.

కాసేపటికి ప్రేమలత రాజమణిని వెనకగదిలోకి పిలిచింది. నేను గుమ్మం బయటే ఉన్నాను, అన్నీ వినపడ్డాయి.

"వదినె, నేను మానుమన్నందుకే అన్న పోయిండు. మెల్లగ మానాలె, ఒక్కసారే మానితె ఫిట్స్ అస్తయి. నాకు ఎరుకే. ఎరుకయ్యి సుత చెప్పలే. ఆ నాడు డాక్టర్‌కు చెప్పినా బతుకుతుండె. బయటికి పోయి భూమన్నకు చెప్త. అందరికి చెప్త."

రాజమణి తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే నేనూ లోపలికి పోయి నా వంతు తీసుకుందామనుకున్నాను.

"నాకు చెప్పినవు, చాలు," అంది రాజమణి చివరికి. ఏడుపు లేదు ఆ గొంతులో. "బయట నోరు తెరువకు. ఇరువై ఏండ్లు తాగుబోతు పెండ్లమన్నరు నన్ను. ఇయ్యాల ఊరంత ముందల తాగనోడు అనిపించుకున్నడు ఆయన. నా మనిషిని ఎట్లైనా తీస్కపోయినవు. గీ పేరన్న నాకు ఉంచు."

ప్రేమలత నేల మీద కూలబడిన చప్పుడు వినపడింది.

"లే," అంది రాజమణి. "మా అత్తకు చెవులు ఇనవడయి. ఇందాక నువ్వు సదివింది ఆమెకు ఎక్కలే. పోయి దగ్గర కూసుండి మల్లోసారి సదువు."

ప్రేమలత ఆ కాగితం పట్టుకుని బయటికి వచ్చింది. సాంబయ్య తల్లి పక్కన నేల మీద కూర్చుని, ఆమె చెవికి నోరు ఆనించి, మొదటి నుంచి మళ్ళీ గట్టిగా చదివింది.